జీవరత్నం నాలుకకి తొమ్మిది పరీక్షలు

“నా నాలుక చచ్చిపోయింది అల్లుడూ. ఆదివారం పొద్దున హనుమయ్య చెరువు దగ్గర నోరు తెరిచానంటే, నా పరువు ఆ గట్టు మీదే ఆఖరు.”

ఈ మాటన్నది జీవరత్నం. విన్నది జోయెల్, ఆయన అన్న కూతురు దీవెన మొగుడు. విన్నాడే గాని వెంటనే జవాబు చెప్పలేదు. అతని ముందు కాటా ఉంది, కాటా మీద ఎనిమిది నెలల కూతురు హెలెన్ ఉంది. అంకె కదలకుండా ఆగేదాకా జోయెల్ ఎవరికీ జవాబు చెప్పడు. ఏడు వేల మూడు వందల ఎనభై రెండు గ్రాములు. పొద్దుటి మీద పద్దెనిమిది గ్రాములు తక్కువ. అతని మొహం పాలిపోయింది.

“ఉచ్చ పోసిందండీ,” అంది వంటింట్లోంచి దీవెన. “ఆ లెక్క కూడా కావాలంటే గుడ్డ అక్కడే ఉంది, తూచుకోండి.”

జోయెల్ బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాడు. కాపురం పటమటలో, ఉద్యోగం గుడివాడ దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో. పిల్ల పుట్టినప్పటి నుంచి అతని చదువంతా పిల్ల మీదే తిరగబడింది. ల్యాబ్‌లో పక్కన పడేసిన కాటా ఇంటికి తెచ్చాడు. రోజుకి నాలుగుసార్లు తూచి గ్రాఫు గీస్తాడు. పిల్ల నిద్రపోతే ముక్కు దగ్గర అద్దం పెట్టి, ఆవిరి పట్టిందో లేదో చూస్తాడు. “మీరు పెంచుతోంది పిల్లనా, రొయ్యలనా?” అని దీవెన అడిగినప్పుడల్లా, రెండింటికీ మొదటి నెలలే ప్రమాదం అని చాలా సీరియస్‌గా జవాబు చెబుతాడు.

ఇక జీవరత్నం. ఈ మనిషి గురించి తెలియాలంటే ముందు ఆయన నాలుక గురించి తెలియాలి.

రొయ్యలు బతకాలంటే చెరువు నీళ్ళలో ఉప్పు ఎంతుందో తెలియాలి. దాన్ని రైతులు సెలినిటీ అంటారు. లీటరు నీళ్ళలో పది గ్రాముల ఉప్పుంటే పది, పదిహేనుంటే పదిహేను. హేచరీ నుంచి సీడు, అంటే కనుబొమ్మ వెంట్రుకంత రొయ్య పిల్లలు, ఒక అంకెకి అలవాటు పడి వస్తాయి. చెరువులో అంకె వేరేగా ఉంటే సాయంత్రానికి అన్నీ తెల్లబడి తేలతాయి. ఈ అంకె చెప్పడానికి ఇప్పుడు జేబులో పట్టే మీటర్లొచ్చాయి. జీవరత్నం గట్టు కాపలాకి చేరిన రోజుల్లో అవేమీ లేవు. ఒక ఎండాకాలం ఆయన కుండలో మంచినీళ్ళు అయిపోయాయి. దాహానికి ఆగలేక చెరువు నీళ్ళతో నోరు పుక్కిలించి, నిన్నటి కంటే చప్పగా ఉన్నాయే అనుకున్నాడు. వెతికితే కాలవ వైపు తూము కింద ఏనుగు దూరేంత బొక్క. తెల్లవారేలోపు పూడ్చారు. పంట దక్కింది. ఆ రోజు నుంచి ఆయన కాపలావాడు కాదు, జీవరత్నం గారు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా కృత్తివెన్ను నుంచి కైకలూరు దాకా ఆ నాలుక మోగింది. వస్తాడు, వంగుతాడు, దోసిట్లో నీళ్ళు తీసుకుంటాడు, నోట్లో ఒక తిప్పు తిప్పి ఉమ్ముతాడు, అంకె చెబుతాడు. మీటరు పెట్టి చూస్తే ఒకటి అటూ ఇటూ అంతే. మీటరు చెప్పనివి కూడా చెప్పేవాడు. అడుగున మట్టి కుళ్ళుతోందని, బోరు నీళ్ళలో ఇనుముందని, కాపలావాడు రాత్రి నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ ఆపేసి పడుకున్నాడని. ఆఖరుది నాలుకతో ఎలా తెలిసిందో ఎవరికీ అర్థం కాలేదు గాని, కాపలావాడు కాళ్ళ మీద పడ్డాడు కాబట్టి నిజమే అయ్యుంటుంది.

ఆ నాలుకని ఆయన ఎలా కాపాడుకున్నాడో చెబితే నవ్వొస్తుంది. చుట్ట లేదు, కిళ్ళీ లేదు. ఆవకాయ ఏడాదికొక్కసారి, అదీ క్రిస్మస్ నాడు. భార్య సంపూర్ణమ్మ వండే కూరల్లో ఉప్పుండదు. ఆ ఇంటికి భోజనానికి వెళ్ళిన బంధువులు ప్రార్థన కాస్త పొడుగ్గా చేసి, అన్నం కాస్త తక్కువ తిని వస్తారు. రొయ్యలైతే అసలే ముట్టడు. “వాటి స్నానం నీళ్ళు నోట్లో పోసుకున్నోణ్ణి. మళ్ళీ వాటిని తింటే ఏం మర్యాద?” అంటాడు.

అలాంటి మనిషికి మూడు వారాల కిందట వైరల్ జ్వరం వచ్చింది. తగ్గాక వెళ్ళిన రెండు చెరువుల దగ్గరా, నాలుగైదుసార్లు రుచి చూసి మరీ చెప్పినా, అంకె తప్పింది. ఒకచోట తొమ్మిదన్నాడు, మీటరు పద్నాలుగంది. ఇంకోచోట పదహారన్నాడు, అక్కడ ఉన్నది పదకొండు. ఆయన శాంపిళ్ళు తెచ్చేది జోయెల్ ల్యాబ్‌కే, రిపోర్టులు రాసేదీ జోయెలే కాబట్టి గుట్టుగా దిద్దేశాడు. సంగతి ఇద్దరికే తెలుసు. ఇప్పుడు హనుమయ్య మూడు లక్షల సీడు దింపుతున్నాడు. పక్క చెరువుల రైతులంతా గట్టు మీదుంటారు. అక్కడ తప్పితే ఇక దాచడం ఉండదు. నాలుక లేని జీవరత్నం అంటే, శాంపిల్ సీసాలు మోసే యాభై ఆరేళ్ళ ముసలాడు.

“మావయ్యా, ల్యాబ్‌లో ఉప్పునీళ్ళు కలిపిస్తాను. అక్కడే చూసుకుందాం,” అన్నాడు జోయెల్.

“ల్యాబ్‌లోనా? నీ పక్క సీటోడు మధ్యాన్నానికి జిల్లా అంతా చాటింపేస్తాడు. పైగా ఆ ఉప్పునీళ్ళు చూస్తేనే నాకు గుండె దడ.”

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. బాజీ. జోయెల్‌తో డిగ్రీ చదివిన బాజీకి వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుంది. ప్రతి నెలా మొదటి శనివారం బాజీ, జోయెల్, వాళ్ళ ఇంకో క్లాస్‌మేట్ యేసుబాబు కలిసి ఊళ్ళో మూడు బార్లు తిరిగి, కొత్త బీర్లు రుచి చూసి, పదికి మార్కులు వేయడం అలవాటు. బాజీ తాగడు. సోడా తాగి, పకోడీకి మార్కులు వేసి, మిగతా ఇద్దర్నీ కారులో ఇళ్ళకి చేరుస్తాడు. పిల్ల పుట్టాక జోయెల్ ఒక్క శనివారం కూడా వెళ్ళలేదు.

“రేయ్, ఎనిమిది నెలలైందిరా. యేసుబాబు ఒక్కడే మార్కులేస్తన్నాడు. ఆడు అన్నిటికీ తొమ్మిదేస్తాడు. ఇదేం పరీక్షరా, పక్కోడి పేపర్ దిద్దినట్టు?” అన్నాడు బాజీ.

జోయెల్ బుర్రలో ల్యాబ్ లైటు వెలిగింది.

రుచి పరీక్షల్లో ఒక పద్ధతుంది. మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. తేడా గ్లాసు ఏదో చెప్పాలి. ఊరికే గాల్లో చెప్పినా మూడింటికి ఒకటి తగులుతుంది కాబట్టి, తొమ్మిది పరీక్షల్లో మూడు సరిపోతే నాలుక చచ్చినట్టే. ఆరో ఏడో వస్తే బతికున్నట్టు. శనివారం పగలు మూడు బార్లు, బారుకి మూడు పరీక్షలు. ఆదివారానికి తేలిపోతుంది.

జీవరత్నానికి ముందు భార్య గుర్తొచ్చింది. “సంపూర్ణకి తెలిస్తే?”

“మింగొద్దు మావయ్యా. ఉమ్మెయ్యండి. చెరువు నీళ్ళు మింగుతున్నారా ఏంటి?”

“కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షారసం ఉందిగాని, బీరు మాట బైబిలు వాక్యంలో ఎక్కడా లేదు,” అన్నాడు జీవరత్నం. “లేదు గనక వద్దనీ లేదు. పద.”

శనివారం పదకొండింటికి వన్ టౌన్‌లో, ఇనప సామాన్ల కొట్టు పైన ఉన్న బారులో కూర్చున్నారు. రంగు చూసి కనిపెట్టకుండా బాజీ తన కొట్టు నుంచి మూడు కొత్త స్టీలు గ్లాసులు తెచ్చాడు. పెళ్ళి సామాన్ల మీద పేర్లు కొట్టే మిషన్‌తోనే వాటి అడుగున ఒకటి, రెండు, మూడు అని చెక్కించాడు. ఉమ్మడానికి ఒక స్టీలు చెంబు. దాని మీద ఎవరో వదిలేసిన ఆర్డరు తాలూకు ‘కొత్త దంపతులకు శుభాకాంక్షలు’ అని ఉంది.

పోసేది బాజీ, గోడ వైపు తిరిగి. ఏ గ్లాసులో ఏది పోశాడో చీటీ రాసి జేబులో పెట్టుకుంటాడు. జవాబులు జోయెల్ పుస్తకంలో రాస్తాడు. అసలు జవాబులు మూడు బార్లూ అయ్యేదాకా బయటికి రావు. యేసుబాబు ఒక బ్యాంకులో పనిచేస్తాడు. “నాకూ పెట్టండ్రా పరీక్ష. పోల్చుకోడానికి మామూలు మనిషి ఒకడుండాలిగా,” అన్నాడు. అది నిజంగా మంచి ఆలోచనే. అతను మామూలు మనిషా అన్నది తర్వాత తేలాల్సిన విషయం.

మొదటి జత నల్ల గద్ద, రాజహంస అనే బీర్లు. జీవరత్నం కళ్ళు మూసుకుని ఒక్కో గ్లాసూ నోట్లో తిప్పి చెంబులో ఉమ్మాడు. “రెండోది తేడా.” జోయెల్ రాశాడు. “ఆగు ఆగు.” మళ్ళీ మూడూ రుచి చూశాడు. ఇంకోసారి చూశాడు. “కాదు. మూడోది.” జోయెల్ ‘రెండు’ మీద ఒక గీత కొట్టి పక్కన ‘మూడు’ రాశాడు. ల్యాబ్‌లో నేర్పిన మొదటి అలవాటు అదే. తప్పు రాస్తే చెరపకూడదు, ఒకే గీత కొట్టాలి, కింద ఏముందో కనబడాలి.

“మార్కులు చెప్పండి బాబాయ్,” అన్నాడు యేసుబాబు. “నేనైతే దీనికి తొమ్మిది.”

“ఇందులో రొయ్య బతకదు,” అన్నాడు జీవరత్నం. “కొరమీను బతుకుద్ది. అది ఎక్కడైనా బతుకుద్ది.”

“పదికి ఎంతండీ?”

“కొరమీనుకి నాలుగు.”

ఈలోగా వెయిటర్ మాణిక్యం గుమ్మం దగ్గర నిలబడి చెంబు వంక చూస్తున్నాడు. పాతికేళ్ళ సర్వీసులో బీరు తాగి కక్కినవాళ్ళని చూశాడు గాని, తాగకుండా ఉమ్మినవాళ్ళని చూడలేదు. వెళ్ళి మేనేజర్‌ని పిలుచుకొచ్చాడు.

“సార్, సరుకేమన్నా తేడాగా ఉందాండీ?” మేనేజర్ చేతులు కట్టుకున్నాడు. జీవరత్నం తెల్ల చొక్కా, మూసిన కళ్ళు, జోయెల్ చేతిలో పుస్తకం చూసి అతను ఏమనుకున్నాడో గాని, గొంతు బాగా తగ్గించాడు. “మీరు ఏ డిపార్ట్‌మెంటండీ?”

“చెరువుల డిపార్ట్‌మెంటు,” అన్నాడు జీవరత్నం నిజాయితీగా.

మేనేజర్‌కి అర్థం కాలేదు. అర్థం కాని డిపార్ట్‌మెంట్లంటే ఇంకా భయం. ఒక ప్లేటు వేయించిన జీడిపప్పు అడక్కుండానే వచ్చింది. బాజీ దానికి పదికి పది వేశాడు.

రెండో బారు పటమటలో, ఏసీది. జోయెల్ లోపలికి అడుగు పెట్టీ పెట్టకముందే ఇంటికి ఫోన్ చేశాడు.

“నిద్రపోతోందండీ,” అంది దీవెన.

“ఊపిరి...”

“పీలుస్తోంది. వదుల్తోంది. రెండూ చేస్తోంది. మీరు తాగండి.”

అయిదు నిమిషాలాగి మళ్ళీ చేశాడు. ఈసారి దీవెన ఫోన్ ఎత్తి, పిల్ల గురక వినిపించి, పెట్టేసింది. అయినా అతనికి శాంతి లేదు. ఆ గురకలో ఏదో పిల్లికూతలా ఉంది కదా అని యేసుబాబుని అడిగాడు.

“తొమ్మిది,” అన్నాడు యేసుబాబు. అప్పటికే అతను ఏం అడిగినా అదే జవాబు.

జీవరత్నం పరిస్థితి ఇంకా అధ్వాన్నంగా ఉంది. తుఫాను స్ట్రాంగు, డబుల్ పిడుగు అనే రెండు బీర్ల మధ్య ముప్పావుగంట కొట్టుకున్నాడు. మొదట ఒకటన్నాడు. మళ్ళీ రుచి చూసి రెండన్నాడు. నీళ్ళు పుక్కిలించి, నాలుక మీద వేలు పెట్టి రుద్ది, బాత్రూములోకెళ్ళి అద్దంలో నాలుక చాపి చూసుకుని వచ్చి, మూడన్నాడు. జోయెల్ పుస్తకంలో గీతల మీద గీతలు.

“ఇది కొల్లేట్లో ఎండాకాలం మిగిలే అడుగు నీళ్ళు,” అన్నాడు డబుల్ పిడుగు గురించి. “దీన్ని మనుషులు డబ్బిచ్చి తాగుతారా? సంపూర్ణ చేసే చారు కూడా ఇంతకంటే నయం.”

“బాబాయ్, చారు సంగతి పిన్నిగారితో అనకండే,” అన్నాడు బాజీ. “బీరు సంగతి చెప్పినా బతుకుతారు.”

అందరూ నవ్వారు. జీవరత్నం కూడా నవ్వాడు గాని, నవ్వు మధ్యలో ఆగిపోయింది. చెంబు మీది అక్షరాల వంక చూస్తూ మెల్లగా అన్నాడు. “నాకు సదువు లేదు బాజీ. పొలం లేదు. మా నాన్న నాకిచ్చింది పేరొకటే. ఈ నాలుకొక్కటే నేను సంపాయించుకున్నది. ఇది పోతే హనుమయ్య నన్ను ‘గారు’ అని పిలుస్తాడా?”

బాజీ సోడా పక్కకి జరిపి, తర్వాతి పరీక్షకి గ్లాసులు స్వయంగా రెండుసార్లు కడిగాడు.

మూడోది గన్నవరంలో, ఎయిర్‌పోర్టుకెళ్ళే దారిలో కొత్తగా తెరిచిన పబ్బు. బీరు అక్కడే కాస్తారు. లోపల పడవంత రాగి డ్రమ్ములు. గోధుమ బీరట, మామిడికాయ బీరట, కాఫీ రంగు బీరట. చెక్క పలక మీద చిన్న చిన్న గ్లాసుల్లో పెట్టి తెస్తే, యేసుబాబు తీర్థం పుచ్చుకునేవాడిలా రెండు చేతులూ చాపాడు. మామిడికాయ బీరుకి తొమ్మిదిన్నర వేశాడు. అతని చరిత్రలో అదే మొదటి అర మార్కు.

జీవరత్నం మాత్రం మాట తగ్గించేశాడు. రుచి చూడటం, తల ఊపడం, చెప్పడం, మార్చడం. ఆఖరి పరీక్షలో ఒక గుక్క మింగేశాడు కూడా. పొరపాటున కాదు. “ఉమ్మి మాత్రం ఏం సాధించాం?” అన్నాడు.

నాలుగున్నరకి బాజీ చీటీలు తీసి టేబుల్ మీద పరిచాడు. జోయెల్ పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూశాడు. తొమ్మిదికి మూడు.

యేసుబాబుకి ఎంతొచ్చిందో కూడా చూశారు. అతనికీ మూడే. ఆ సమయానికి యేసుబాబు గోడకున్న అద్దంలో తనని చూసి, పక్క టేబుల్ ఆయన తననే చూస్తున్నాడని గొడవ పెట్టుకోబోతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ నాలుక ఇప్పుడు ఆ నాలుకతో సమానం.

“అయిపోయింది,” అన్నాడు జీవరత్నం. లేచి, చెంబు తనే తీసుకెళ్ళి కడిగి తెచ్చాడు. “హనుమయ్యకి ఫోన్ చేసి జ్వరం తిరగబెట్టిందని చెప్పు అల్లుడూ. రేపు నువ్వు మీటరు తీసుకుని వెళ్ళు. ఇకనుంచీ నువ్వే వెళ్ళు.”

జోయెల్ ఫోన్ తీశాడు గాని చేయలేకపోయాడు. ఇంటికెళ్ళి చేస్తానన్నాడు. కారులో యేసుబాబు గురక ఒక్కటే.

ఆ సాయంత్రం జీవరత్నం హాల్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. జోయెల్ పిల్లని ఒళ్ళో వేసుకుని, పుస్తకంలోని లెక్క ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడం మొదలెట్టాడు. బాధగా ఉన్నప్పుడు ఇలా అంకెలు ఎక్కించుకోవడం అతనికి ఉన్న ఒకే ఒక్క వ్యసనం. జవాబుల గడి నింపాడు. కొట్టివేతలకి వేరే గడి లేదు. లేకపోతే మనసొప్పదు కాబట్టి పెట్టాడు. మొదట చెప్పిన జవాబు ఒక గడిలో, చివర్న చెప్పింది ఇంకో గడిలో.

నింపడం పూర్తయ్యాక పిల్లని ఒళ్ళోంచి తీసి దీవెనకిచ్చి, మళ్ళీ మొదట్నుంచీ చూశాడు.

చివరి జవాబుల్లో సరైనవి మూడు. మొదట చెప్పినవాటిలో సరైనవి ఏడు.

“మావయ్యా, లేవండి. లేచి కూర్చోండి.” అతని గొంతు విని దీవెన పిల్లకేమైందోనని చేతిలో ఉన్న పిల్లనే చూసుకుంది. “తొమ్మిదింటిలో ఆరు జవాబులు మార్చారు. మార్చిన ఆరులో అయిదు మొదట కరెక్టుగా ఉన్నవే. మార్చి చెడగొట్టుకున్నారు. ఊరికే గాల్లో చెబితే ఏడు రావడమనేది వందలో ఒకసారి కూడా జరగదు. మీ నాలుక చావలేదు. మొదటి గుక్కకి అన్నీ చెబుతోంది. మీరే నమ్మట్లేదు.”

జీవరత్నం కళ్ళద్దాలు పెట్టుకుని ల్యాప్‌టాప్ వంక చూశాడు. ఆ పచ్చ గడులు ఆయనకి ఏమీ అర్థం కాలేదు. “కాయితం మీద బతికే ఉందంటావ్. నోట్లో ఉండాలిగా.”

“జ్వరానికి ముందు ఎన్నిసార్లు చూసేవారు?”

“ఏమో. లెక్కెవడు పెట్టాడు?”

లెక్క జోయెల్‌కి తెలుసు. ఆయన వెనక బండి మీద తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. జోయెల్ ఇంకా మీటరు పెట్టె మూత తీస్తుండగానే ఆయన ఉమ్మేసి, అంకె చెప్పి, బండి స్టార్ట్ చేసేవాడు. రెండోసారి వంగడం ఒక్కనాడూ చూడలేదు. ఉప్పు తగిలిన నాలుక రెండో గుక్కకి ఆ ఉప్పుకే అలవాటు పడుతుంది, మూడో గుక్కకి నీళ్ళూ ఒకటే, సముద్రమూ ఒకటే. ఈ సంగతి జోయెల్ పుస్తకంలో చదివాడు. జీవరత్నం చదవకుండానే ఇరవై ఎనిమిదేళ్ళు పాటించి, ఒక్క జ్వరానికి భయపడి మర్చిపోయాడు.

“సరే,” అన్నాడు జీవరత్నం చివరికి. “హనుమయ్యకి ఫోన్ చేయకు. రేపు నేనే చెబుతా. తప్పితే నీ గడులు నేనే తుడుస్తా.”

ఆదివారం ఏడింటికల్లా కృత్తివెన్ను దగ్గర చెరువు గట్టెక్కారు. హేచరీ వ్యాను అప్పటికే వచ్చింది. ప్లాస్టిక్ సంచుల్లో సీడు సన్నగా మెలికలు తిరుగుతోంది. పది మంది రైతులు, వాళ్ళ మధ్య భుజాన తువ్వాలుతో హనుమయ్య.

“రండి జీవరత్నం గారూ, రండి. జ్వరమొచ్చిందంట, చిక్కిపోయారే. హేచరీవాళ్ళు పన్నెండుకి అలవాటు చేసి పంపారు. మన నీళ్ళెంతో చెబితే దింపేద్దాం. మీటరు ఉందిలే గాని, ముందు మీరు చెప్పాలి.”

జీవరత్నం చెప్పులు విడిచాడు. నీళ్ళలోకి దిగి వంగాడు. దోసిలి, ఒక తిప్పు, ఉమ్మి. ఆయన చెయ్యి మళ్ళీ నీళ్ళ వైపు వెళ్ళింది. వేళ్ళు నీళ్ళకి తగిలాయి కూడా. అక్కడే ఆగింది. ఆ చెయ్యిని పంచెకి గట్టిగా తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

“తొమ్మిది,” అన్నాడు.

గట్టు మీద గుసగుస మొదలైంది. హనుమయ్య మొహం మాడింది. “తొమ్మిదేంటండీ? మొన్న మావాడు మీటరు పెడితే పన్నెండుంది. దాన్నిబట్టే కదా హేచరీకి చెప్పింది!”

“మొన్న ఎక్కడ పెట్టాడు?”

“బోరు గొట్టం దగ్గర.”

“గొట్టంలో సీడు దింపుతావా? ఇక్కడ, చెరువులో, తొమ్మిది. కాలవ నీళ్ళూ బోరు నీళ్ళూ ఇంకా కలవలా.”

జోయెల్ మీటరు అద్దం మీద చుక్క వేసి వెలుతురుకి పట్టుకున్నాడు. తొమ్మిది. గీత మీదే నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళకి చూపించాడు. హనుమయ్య అందులోకి ఒక కన్ను పెట్టి, మూతపడాల్సిన కన్ను తెరిచి, తెరవాల్సింది మూసి, ఏమీ కనబడకపోయినా “తొమ్మిదే” అన్నాడు. సంచుల్ని చెరువు నీళ్ళలో తేల్చి, చెంబుతో కొంచెం కొంచెం చెరువు నీళ్ళు కలుపుతూ రెండు గంటలు అలవాటు చేయమన్నాడు జీవరత్నం. నేరుగా పోసి ఉంటే ఆ మూడు లక్షల్లో ఎన్ని మిగిలేవో ఎవరూ పైకి అనలేదు. హనుమయ్య మాత్రం తన చేత్తో కొబ్బరిబోండాం కొట్టి తెచ్చి, “తీసుకోండి జీవరత్నం గారూ” అన్నాడు. ఆయన రెండు చేతులా అందుకున్నాడు.

ఇంత జరిగినా జోయెల్ పక్కకెళ్ళి మీటరు మీద ఇంకో చుక్క వేస్తున్నాడు. అది తుడిచి మరొకటి. ఎవరూ చూడట్లేదనుకున్నాడు. జీవరత్నం వెనకనుంచి వచ్చి మీటరు లాక్కుని జేబులో వేసుకున్నాడు.

“తొమ్మిదొచ్చిందిగా?”

“వచ్చింది మావయ్యా. ఒకసారి కన్‌ఫర్మ్ చేసుకుందామని...”

“నిన్న నన్ను అయిదుసార్లు చెడగొట్టింది అదేగా? నీ కాయితమే చెప్పింది, ఇప్పుడు నువ్వే మర్చిపోతన్నావ్.” ఆయన బోండాం తాగడం ఆపి, గొంతు తగ్గించాడు. “ఇదిగో అల్లుడూ, ఇంటికెళ్ళాక పిల్లని వారానికొకసారి తూచు. ఒక్కసారే. అంకె రాసుకో, కాటా అటక మీద పడెయ్. మళ్ళీ చూడాలని చెయ్యి లాగుద్ది. లాగుద్దని నాకు తెలుసు, ఇందాక నాకూ లాగింది. అప్పుడు ఆ చేతికి వేరే పని చెప్పు. వెళ్ళి అంట్లు తోము. అంట్లు అయిపోతే గుడ్డలుతుకు. మా దీవెన కూడా సంతోషిస్తది.”

జోయెల్ ఆ మాట పాటిస్తున్నాడు. కాటా అటక మీదుంది, వారానికొకసారి, శనివారం పొద్దున, కిందికి దిగుతుంది. మిగతా ఆరు రోజులూ ఆ ఇంట్లో ఒక్క ఎంగిలి గిన్నె కూడా మిగలడం లేదు. నిన్న తోముదామంటే సింకులో ఏమీ లేకపోతే, అలమారులోని కడిగిన గ్లాసులు దించుకుని మళ్ళీ తోముకున్నాడు.